పగటి దీపం

మొన్న మా మనవడు ప్రసాదు, కొత్తగా తెరిచిన బట్టల కొట్టు చూపిస్తానని నన్ను రిక్షా ఎక్కించాడు. మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతోంది. రిక్షా దిగి గుమ్మంలోంచి చూద్దును కదా, లోపల దీపాలే దీపాలు. గోడలకి దీపాలు, కప్పుకి దీపాలు, అద్దాల బీరువాల లోపల కూడా దీపాలు. బయట సూర్యుడు నడినెత్తిన ఉండగా అన్నీ వెలుగుతున్నాయి, వాటి మధ్య యజమాని నవ్వుతూ కూర్చుని ఉన్నాడు.  ప్రసాదు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "ఏంటి మామ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాడు. లేదురా అన్నాను కానీ లోపలికి అడుగు పడలేదు. చీర కొనకుండానే ఇంటికి తిరిగొచ్చాం. పనులన్నీ మానుకుని నన్ను తీసుకెళ్ళినవాడికి కోపం రావడం న్యాయమే. డెబ్భై ఏళ్ళు దాటిన ముసలిది కరెంటు దీపానికి భయపడిందని ఎవరికి చెప్పుకుంటాడు?

సాయంత్రం వాకిట్లో కూర్చోబెట్టుకుని వాడికి సంగతి చెప్పాను. మా చిన్నప్పుడు ఈ ఊరి బజారులో వర్తకుడు చితికిపోతే, నేనింక ఎవరి బాకీ తీర్చలేనని చెప్పడానికి, తను కూర్చునే చాప తిరగేసి, పట్టపగలు కొట్లో దీపం వెలిగించి కూర్చునేవాడని. ప్రసాదు ప్లీడరు. విని నవ్వాడు. "ఇప్పుడదంతా ఒక కాగితం మామ్మా. ఐ.పి. పెడతాడు, జడ్జిగారు విచారిస్తారు, మిగిలింది తలా కాస్తా పంచుతారు. మర్నాడు మనిషి కాఫీ తాగుతూ పేపరు చదువుకుంటాడు" అన్నాడు. ఇంగ్లీషులో దాన్ని బ్యాంక్రప్ట్సీ అంటారట. పూర్వం ఏదో దేశంలో డబ్బు మార్చే వర్తకులు బజారులో బల్ల వేసుకుని కూర్చునేవారట. ఇచ్చుకోలేనివాడి బల్లని నలుగురూ కలిసి విరగ్గొట్టేసేవారట. ఆ విరిగిన బల్లే ఈ మాట అయిందని వాడు చదువుకున్నాడు. నాకు బాగానే అర్థమైంది. అక్కడ బల్ల విరగ్గొట్టారు, మా బజారులో చాప తిరగేశారు. ఏ దేశమైనా ముందు చెయ్యి వేసేది మనిషి కూర్చున్న చోటు మీదే.

ఇప్పుడు దివాలా అన్న మాటకి విలువ లేకుండా పోయింది. పత్రికలవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవాలంటే బుద్ధి దివాలా తీసిందని రాసుకుంటారు. మా కోడలు డబ్బాలో పంచదార అయిపోతే "దివాలా తీశాం అత్తయ్యా" అని నవ్వుతుంది. మా పుట్టింట్లో ఆ మాట నోటివెంట రాకూడదు. రాత్రిళ్ళు పాముని పురుగు అన్నట్టే, తప్పనిసరైతే మా నాయనమ్మ 'పగటి దీపం' అనేది. అదీ గొంతు తగ్గించి.

మా ఇల్లు గోదారి రేవుకి పోయే బజారులో ఉండేది. ముందువైపు కొట్టు, వెనకవైపు మేము. నాన్నగారిది లంక పొగాకు వ్యాపారం. గోదారి లంకల్లో పండిన ఆకు పడవల మీద రేవుకి వచ్చేది, అక్కణ్ణించి బళ్ళ మీద మా కొట్టుకి. ఇంటినిండా ఆ ఘాటే. అమ్మ చీరల్లో, మా దుప్పట్లలో, ఆఖరికి పెరుగన్నంలో కూడా పొగాకు వాసన వచ్చేది. మేం పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి తెలిసేది కాదు; చుట్టాలు వచ్చిన మొదటి పూటంతా తుమ్ముతూనే ఉండేవారు. నాన్నగారు తెల్లవారకుండానే గోదారికి వెళ్ళి మునిగి వచ్చి, గద్దె మీద పరిచిన తుంగచాప దులిపి, తూర్పుకి దణ్ణం పెట్టి కూర్చునేవారు. ఆ చాప మీద ఇంకెవరూ కూర్చోకూడదు. పిల్లలం కాలు తగిలిస్తే కళ్ళకద్దుకోవాలి. తూనిక పనీ, పడవవాళ్ళతో మాటలూ మా అన్నయ్య చూసేవాడు.

దీపాల పెత్తనం నాయనమ్మది. సూర్యుడు పూర్తిగా అస్తమించాక, వీధిలో ఇంకో కొట్లో దీపం వెలిగిందని నా చేత చూపించుకున్నాక గాని మా కొట్టు దీపం వెలగనిచ్చేది కాదు. అందరికంటే ముందు మనది వెలగకూడదు, అంతే. ముసురు పట్టి మధ్యాహ్నమే చీకటి పడ్డా చీకట్లోనే తూచేవారు, చీకట్లోనే లెక్క చెప్పేవారు. ఈ పగటి దీపం ఆచారం అసలు మనది కాదు. ఉత్తరాదినించి వచ్చి మా బజారులో స్థిరపడ్డ సేట్లు తెచ్చింది. చుట్టుపక్కల వేరే ఊళ్ళ బజార్లలో అది ఉండేది కాదు. కానీ మా వీధిలో మాత్రం తెలుగు వర్తకులకి కూడా పట్టుకుంది. భయాలు అంత తొందరగా అంటుకుంటాయి.

ఒక్కసారి కళ్ళారా చూశాను. అప్పటికి నాకు బాగా చిన్నతనం. నాలుగు కొట్ల అవతల పప్పుల వ్యాపారి వెంకన్నగారు ఉండేవారు. వెళ్ళినప్పుడల్లా నా చేతిలో వేయించిన శనగలు పోసేవారు. ఒక రోజు పొద్దున్నే ఆయన కొట్టు ముందు జనం. సందులోంచి తల దూర్చి చూశాను. గద్దె మీద చాప తిరగేసి ఉంది. ఆయన తలపాగా తీసేసి కటికనేల మీద కూర్చుని ఉన్నారు. పక్కన దీపం. ఎండలో ఆ దీపం సరిగ్గా కనపడనైనా లేదు. ఎవరూ తిట్టడం లేదు, అరవడం లేదు. మధ్యాహ్నానికి ఇంట్లోని బిందెలూ మంచాలూ ఒక్కొక్కటే బయటికి వచ్చేశాయి, పసిపిల్ల ఉయ్యాలతో సహా. మర్నాడు తెల్లవారుజామున ఆయన ఎప్పటిలాగే గోదారికి స్నానానికి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఆయన పొడిపంచె మెట్టు మీద మడతపెట్టినట్టే ఉందని పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. ఆ పంచె మాట నా మనసులోంచి ఎన్నటికీ పోలేదు.

నాకు తొమ్మిదో ఏడో పదో ఏడో వచ్చాక ఆ భయం మా ఇంటికే వచ్చింది. ఆ సంవత్సరం నాన్నగారు ఎప్పుడూ లేనంత సరుకు కాకినాడ రేవునించి రంగూనుకి ఓడకెక్కించారు. తన డబ్బు చాలక బజారులో అప్పు తెచ్చారు, నమ్మి దాచుకున్నవాళ్ళదీ పెట్టారు. అలా దాచుకున్నవాళ్ళలో అప్పడాలు చేసి అమ్ముకునే సూరమ్మత్త ఒకతె. మొగుడు పోయినప్పటినించీ కూడబెట్టిందంతా నాన్నగారి దగ్గరే ఉంచింది. తర్వాత సముద్రంలో పెద్ద గాలివాన కొట్టింది. ఓడ జాడ తెలియలేదు. ఇవన్నీ నాకెవరూ చెప్పలేదు. కానీ ఇంట్లో పిల్లలకి చెప్పాలా? నాన్నగారు విస్తట్లో అన్నం కెలికి లేచిపోయేవారు. అమ్మ మారు మాట్లాడకుండా ఆ విస్తరి తీసేసేది. నాయనమ్మ జపం మధ్యలో ఆపి ఆయన అడుగుల చప్పుడు వినేది. చుట్ట కాల్చని పూట లేని మనిషి చుట్ట మానేశారు.  వీధిలో ఆడుకుని వస్తూ ముందు కొట్టుకేసి చూసేదాన్ని, దీపం ఉందేమోనని. లేకపోతే అప్పుడు ఊపిరి పీల్చుకునేదాన్ని.

అన్నిటికంటే గోదారి భయం. నాయనమ్మతో కలిసి నేనూ రేవుకి బయలుదేరడం మొదలుపెట్టాను. నాన్నగారి పొడిపంచె నేనే మోస్తానని పేచీ పెట్టేదాన్ని. మెట్టు మీద పెట్టనిచ్చేదాన్ని కాదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. పంచె నా చేతిలో ఉంటే దానికోసమైనా ఆయన ఒడ్డుకి రావాలి కదా అని నా ఆలోచన. ఆయన నీళ్ళలోకి ఇంకో అడుగు వేస్తే పంచెని గట్టిగా పట్టుకునేదాన్ని. మునిగి తల పైకి వచ్చేదాకా కళ్ళు ఆర్పేదాన్ని కాదు. నాన్నగారు ఒడ్డుకి వచ్చి పంచె అందుకుంటూ ఏమీ అనేవారు కాదు. పిల్లచేష్ట అనుకున్నారనుకున్నాను.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది. ఓడ కబురేదైనా తెలుస్తుందేమోనని నాన్నగారు ధవళేశ్వరంలో కాలువ పడవెక్కి కాకినాడ వెళ్ళారు. అన్నయ్యకి అప్పుడే పెళ్ళయి వదిన కాపురానికి వచ్చింది. వదినది నరసాపురం, పేరు మహాలక్ష్మి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. వాళ్ళదీ వర్తకుల కుటుంబమే కానీ వాళ్ళ బజారులో సేట్లు లేరు, ఈ ఆచారమూ లేదు. మా ఇంట్లో ఆ మాటే ఎవరూ ఎత్తరు కాబట్టి ఆ పిల్లకి చెప్పినవాళ్ళూ లేరు. ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మి ఇల్లంతా చీకటైపోయింది. సరుకు గదిలో పైకప్పు కారుతోందని అన్నయ్య పరుగెత్తాడు. కొట్టు ఖాళీ. వదిన తలుపు చాటునించి చూసింది. కొట్టు చీకటిగా ఉంది. గద్దె పక్క గూట్లో ఇత్తడి దీపపు కుంది కనిపించింది. నిండా నూనె ఉంది, కొత్త వత్తి వేసి ఉంది. మగవాళ్ళు వెలిగించడం మరిచిపోయారు కాబోలనుకుని, వెళ్ళి వెలిగించి, గద్దె అంచున పెట్టి వచ్చింది.

నాయనమ్మకి చూపు ఆనదు గాని వాసన బాగా తెలుస్తుంది. నేను ఆవిడ కాళ్ళు పడుతున్నాను. ఉన్నట్టుండి లేచి కూర్చుంది. "నూనె వాసన. ఎక్కడే దీపం?" అంది. కొట్లోకి పరుగెత్తాను. దీపం చూశాను. దాని అవతల, వీధిలో, చూరు కింద నిలబడ్డ మనుషుల్ని కూడా చూశాను. ఇద్దరు, అంతలో నలుగురు, అంతలో ఇంకా. వానలో తడుస్తూ వచ్చి నిలబడుతున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. వెంకన్నగారి కొట్టు ముందు కూడా ఇలాగే ఎవరూ మాట్లాడలేదు. సూరమ్మత్త కొంగు తలమీద వేసుకుని వచ్చి మా మెట్టు మీద కూర్చుంది.  ఆవిడ చేతులకి మినప్పిండి అంటుకునే ఉంది. 

అన్నయ్య తడిబట్టలతో వచ్చి చూసి గోడకి ఆనుకున్నాడు. "ఆర్పెయ్యండి, ఆర్పెయ్యండి" అంది అమ్మ తలుపు వెనకనించి. "వద్దు" అంది నాయనమ్మ. "ఇందరూ చూశాక ఆర్పితే దాచుకున్నట్టే." "ఉంచితేనో అత్తయ్యా?" అంది అమ్మ. "ఉంచితే ఒప్పుకున్నట్టు."  వదినకి అప్పటికి కూడా తానేం చేసిందో తెలియదు. మా మొహాలు చూసి నా జబ్బ పట్టుకుంది. నేనేమో ఒక్కటే అనుకుంటున్నాను. నాన్నగారు రేపో ఎల్లుండో వస్తారు. కొట్టుకి రాకముందే రేవులో ఎవరో ఒకరు ఈ కబురు చెప్పేస్తారు. అక్కడే గోదారి ఉంది. నా దగ్గర పంచె లేదు.

మాకెదురుగా హీరాచంద్ సేటు కొట్టు. ఆయనా నాన్నగారూ పొగాకు బేరాల్లో పోటీ. పైకి నమస్కారాలే గాని సరుకు దగ్గర ఒకరికొకరు చుక్క నీళ్ళివ్వరు. ఆచారం ఆయన తాతలు తెచ్చిందే. దాని అర్థం ఆ వీధిలో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మా దీపం చూశారు, మెట్టు మీద సూరమ్మత్తని చూశారు. ఇంక అయిపోయిందనుకున్నాను. ఆయన లోపలికి తిరిగి గుమాస్తాతో, వీధంతా వినపడేలా, "ఏమయ్యా, ఇంత చీకటిగా ఉంటే దీపం పెట్టవేం? నాకు అక్షరాలు ఆనడం లేదు" అన్నారు. గుమాస్తా కదల్లేదు. విన్నది నిజమేనా అన్నట్టు చూస్తున్నాడు. సేటే లోపలికి వెళ్ళి, దీపం తన చేత్తో తెచ్చి, వెలిగించి గద్దె మీద పెట్టుకుని, తలపాగా సర్దుకుని కూర్చుని ఏదో చదువుకోవడం మొదలుపెట్టారు. 

 తర్వాత సేటు పక్కనున్న కంసాలి దీపం పెట్టాడు. ఆ పక్క బెల్లం కొట్లో వెలిగింది. తర్వాత మా వైపు వరసలో. రేవు దాకా ఒక్కొక్క కొట్లో దీపం వెలుగుతూ పోయింది. చూరు కింద నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఎవరో ముసురుని తిట్టారు, ఎవరో నవ్వారు. ఒక్కొక్కరే జారుకున్నారు. సూరమ్మత్త లేచి, కొంగుతో మెట్టు తుడిచి, "నానబోసిన పప్పుందమ్మా, వెళ్ళొస్తాను" అంది నాయనమ్మతో. నాయనమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

నాన్నగారు తిరిగొచ్చే సరికి వాన వెలిసింది. దారిలోనే అంతా విన్నట్టున్నారు. కాళ్ళు కడుక్కోకుండా తిన్నగా గూటి దగ్గరికి వెళ్ళి కుంది చేతిలోకి తీసుకున్నారు. వదిన, పుట్టింటికి పంపించేస్తారని రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. తలుపు చాటున తల వంచుకుని నిలబడింది. నాన్నగారు ఆ పిల్లకేసి చూడకుండానే అన్నారు: "భయపడకు తల్లీ. నూనె పోసింది నేను, వత్తి వేసింది నేను. కాకినాడలో కబురు లేదంటే, వచ్చిన పూట నేనే వెలిగిద్దామనుకున్నాను."  అంతవరకూ అమ్మకి కూడా తెలియదు. నాకు భయం అప్పుడే అసలు పట్టుకుంది. దీపం దాకా సిద్ధం చేసుకున్న మనిషి, ఆ మర్నాటి పొద్దుటి సంగతి కూడా అనుకునే ఉంటారు కదా.

ఓడ మునగలేదు. గాలికి కొట్టుకుపోయి వేరే రేవులో తలదాచుకుందని కాకినాడలో తెలిసింది. సరుకులో చాలా భాగం తడిసి పాడైంది. అమ్మ నగలు పోయాయి, లంకలో పొలం పోయింది, చాలా ఏళ్ళు మాకు పండగల్లో కొత్త బట్టలు లేవు. కానీ గడువు దొరికింది. సూరమ్మత్తతో మొదలుపెట్టి అందరివీ తీర్చేశారు. కాకినాడనించి వచ్చిన రోజే నాన్నగారు సేటుగారి దగ్గరికి వెళ్ళారు. ఏం మాట్లాడుకుంటారోనని గుమ్మంలోంచి చెవులు రిక్కించి విన్నాను. "ముసురు కదండీ, చీకటిగా ఉంది" అన్నారు సేటు. నాన్నగారు "అవునండి" అన్నారు. అంతే. మర్నాటినించి మళ్ళీ బేరాల్లో పోటీయే.

ప్రసాదు చెప్పిన కాగితమే మేలని నేనూ ఒప్పుకుంటాను. పసిపిల్ల ఉయ్యాల బజారున పడకుండా చట్టం ఆపిందంటే ఆ చట్టానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. భయపడి బతకడం గొప్పేమీ కాదు, ఆ రోజులు మళ్ళీ రావాలని నాకు లేదు. కానీ ఇప్పుడు ఎవరు చితికిపోయిందీ పక్క కొట్టువాడికి కూడా పేపరు చూస్తేగాని తెలియదు. అన్ని కొట్లలోనూ పగలే దీపాలు వెలుగుతున్నాయి, ఎవరూ ఎవరి దీపంకేసి చూడటం లేదు.

నేను కాపురానికి వెళ్ళబోయే ముందు వేసవిలో హీరాచంద్ సేటు కొట్లో దీపం వెలిగింది. ఆయన వెలిగించుకున్నదే. దేనివల్లో నాకు తెలియదు. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. చీకటిగా ఉందని ఎవరంటే ఎవరు నమ్ముతారు? నాన్నగారు గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆకాశంకేసి చూశారు. తర్వాత వీధి దాటి వెళ్ళి, తిరగేసిన చాప పక్కన, సేటు కూర్చున్న కటికనేల మీదే కూర్చున్నారు. చీకటి పడేదాకా లేవలేదు.

మర్నాడు తెల్లవారకుండానే నన్ను లేపారు. చేతిలో మడత విప్పని తెల్లపంచె ఉంది. "సేటుగారు రేవుకి వెళ్ళారమ్మా. ఈ పంచె పట్టుకెళ్ళి ఒడ్డున కూర్చో" అన్నారు. పెళ్ళయిన పిల్లని పరాయి మగవాడి పంచె పట్టుకుని పంపుతారేంటని అమ్మ గొణిగింది. "పిల్ల వెళ్తేనే వస్తారు. అప్పుడు నన్ను ఒడ్డుకి తీసుకొచ్చింది అదే కదా" అన్నారు నాన్నగారు.

పరుగెత్తాను. సేటుగారు అప్పటికే గుండెలోతు నీళ్ళలో, అవతలి ఒడ్డుకేసి తిరిగి నిలబడి ఉన్నారు. మెట్టు మీద పంచె లేదు. తెచ్చుకోలేదు.  ఆఖరి మెట్టు మీద, నీళ్ళు పాదాలకి తగిలే చోట, పంచె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఇంకో అడుగు వేశారు. నేను కదల్లేదు. ఎంతసేపటికో వెనక్కి తిరిగి చూశారు. ముందు నన్ను చూశారు, తర్వాత నా ఒళ్ళోని పంచె చూశారు. తూర్పున తెల్లవారుతోంది. మెల్లగా ఒడ్డుకి వచ్చి తడిచెయ్యి చాచారు.

"చాలాసేపయిందా అమ్మా వచ్చి?" అన్నారు.

"లేదండి" అన్నాను.